అమ్మమ్మ తెరవని కవరు

జానెడు గుడ్డను కడుపులో పెట్టుకుని, నూట యాభై మంది బడిపిల్లలకు రోజూ అన్నం వండి వార్చిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది. ఆమె మా అమ్మమ్మ శోభారాణి. ఇంకెవరైనా ఉన్నామంటే రేపల్లె వచ్చి ఆమె గరిటె ముందు నిలబడి ఆ మాట చెప్పాలి.

ఆ గుడ్డ ఆమె పెట్టుకున్నది కాదు. 2022 నవంబరులో తెనాలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గర్భసంచి తీసేశారు. ఆ తరువాత కడుపులో పోటు మొదలైంది. కుట్లు మానుతున్నాయిలే అనుకుని ఆమె బడిలో గంజి వారుస్తూనే ఉంది. చివరికి బాపట్లలో ఉండే మా అమ్మ నీరజ పోరు పడలేక, ఫిబ్రవరి 21న అక్కడే స్కాన్ తీయించుకుంది. అంటించిన కవరొకటి చేతిలో పెట్టి, "డాక్టరుకు చూపించండమ్మా" అన్నారు. దాన్ని సంచిలో వేసుకుని అమ్మమ్మ రేపల్లె బస్సెక్కింది.

తెల్లవారితే భస్మ బుధవారం. ఈస్టరు దాకా శ్రమల దినాలు. ఆ నలభై రోజులూ మాంసం మానేసేవాళ్లు గుడిలో చాలామంది ఉన్నారు. అమ్మమ్మ మాత్రం ఒంటి బాధ గురించి మాట్లాడటమే మానేస్తుంది. ప్రభువు సిలువ మోసే రోజుల్లో నా నడుం నొప్పి అనడానికి సిగ్గుండాలి అంటుంది. ఆ కవరును బైబిల్లో పెట్టి మూసేసింది. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా, "చూపిస్తాలేవే, తొందరేంటి?" అనేది.

ఈస్టరు మర్నాడు, ఏప్రిల్ 10న, అమ్మ వచ్చి కవరు చింపింది. చదువుతూ చదువుతూ నేల మీద కూలబడిపోయింది.

"ఏంటే, క్యాన్సరా?"

"కాదమ్మా. ఆపరేషన్‌లో వాడిన గుడ్డ. లోపలే మర్చిపోయారంట."

అమ్మమ్మ కడుపు మీద చెయ్యి వేసుకుంది. తన ఒంట్లో తనకు తెలియనిది ఒకటి ఇన్నాళ్లూ కాపురం చేసిందన్న సంగతి ఆమెకు మింగుడు పడలేదు.

ఆ నెలాఖరుకు వేరే ఆసుపత్రిలో మళ్లీ కోసి, చీము పట్టిన గుడ్డను తీశారు. తెనాలి డాక్టరు మొదట చేతులు పట్టుకున్నాడు. "ముందు కోలుకోండమ్మా, మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు. ఆమె నమ్మింది. పండగ వెళ్లాక అన్నాడు, కొత్త బిల్డింగు అయ్యాక అన్నాడు. దాదాపు రెండేళ్లు అలాగే తిప్పి, మొన్న మార్చిలో, "ఆ గుడ్డ మాది కాదు" అనేశాడు.

ఆ మాటకే ఆమె లేచింది. మార్చి 12న మా అమ్మను వెంటబెట్టుకుని, రైల్లో తెనాలి వెళ్లి, సీతారామాంజనేయులు అనే వకీలు ముందు కాగితాలన్నీ పరిచింది. ఆయన చూసి కళ్లజోడు తీసేశాడు.

"ఇన్నాళ్లూ ఏం చేశారమ్మా? డాక్టరు తప్పు మీద వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లాలి."

"నాకు న్యాయం జరగడానికి కూడా గడువుందాండి?" అమ్మమ్మ నోరెళ్లబెట్టింది. "లోపల గుడ్డ ఉందని నాకెట్టా తెలుస్తుందండి?"

"అందుకే, ఇలాంటివాటిలో బయటపడిన రోజు నుంచి లెక్క వెయ్యమని అడగొచ్చు. కానీ స్కాన్ 2023 ఫిబ్రవరి 21న తీశారు. అలా చూసినా రెండేళ్ల మీద పందొమ్మిది రోజులు దాటిపోయాయి."

"ఆ కవరు తెరిచింది ఏప్రిల్లోనండి" అంటూ అమ్మ శ్రమల దినాల సంగతి చెప్పింది. వకీలు ఆమెనూ అమ్మమ్మనూ మార్చి మార్చి చూశాడు. బైబిల్లో పెట్టిన స్కాన్ రిపోర్టును తన సర్వీసులో ఆయన ఎరగడు.

"సరే. రిపోర్టే ఆలస్యంగా చేతికొచ్చిందని రాద్దాం. గొడవుండదు."

"అట్టా రాయొద్దండి. అదే రోజు ఇచ్చారు. తెరవంది నేను."

"అమ్మా, ఈ ఒక్క ముక్కతో కేసు గుమ్మం దాటకుండానే పోవచ్చు!"

"పోతే పోనీండి. జరిగింది రాయండి."

వకీలు తల పట్టుకున్నాడు. జరిగింది జరిగినట్టే రాసి, ఆలస్యమైతే మన్నించమని అర్జీ జోడించి, ఆ వారంలోనే కేసు వేశాడు.

విచారణ రోజు డాక్టరు తరఫు వకీలు లేచి, "నలభై ఎనిమిది రోజులు రిపోర్టు ఇంట్లో ఉంచుకుని, తెలియదంటే ఎలాగండి?" అన్నాడు. కమిషన్ అధ్యక్షుడు అమ్మమ్మ వైపు తిరిగాడు.

"ఎందుకు తెరవలేదమ్మా?"

"శ్రమల దినాలండి. నా ఒంటి సంగతి అప్పుడు ఎత్తనండి. తప్పేనండి."

హాల్లో ఎవరూ నవ్వలేదు. అమ్మ మాత్రం అంతా అయిపోయిందనుకుంది. పది రోజులకు ఉత్తర్వు వచ్చింది. ఆలస్యానికి చెప్పిన కారణం నమ్మదగ్గదే, ఫిర్యాదు తీసుకుంటున్నాం, డాక్టరు జవాబు ఇవ్వాలి అని. ఇంకా గెలవలేదు, కానీ గుమ్మం దాటింది. అమ్మ ఆ కాగితాన్ని మూడుసార్లు చదివినా నమ్మలేక వకీలుకు ఫోన్ చేసింది.

ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర నేను నోరు పారేసుకున్నాను. "అమ్మమ్మా, వకీలు చెప్పినట్టు ఒక్క చిన్న అబద్ధం ఆడుంటే మాకింత గుండెదడ ఉండేది కాదుగా? ఎవడికి తెలుస్తుంది?"

"ఆ డాక్టరూ అచ్చం నీలాగే అనుకునుంటాడు. నోరు మూసుకుని అన్నం తిను."