మడవని బొటనవేలు

నా చిన్నప్పుడు మా బాపమ్మ తన కోరికలన్నీ కుడిచేతి వేళ్ల మీద పెట్టుకుని ఒక ఏడాదంతా తిరిగింది. మా వైపు నాన్నను బాపు అంటాం. బాపు తల్లి కాబట్టి ఆమె బాపమ్మ. కమాన్‌పూర్ అవతల ఒక చిన్న ఊళ్లో, ఇంటికీ పొలానికీ మధ్య ఉన్న దారి తప్ప మరో దారి తెలియకుండా బతికిన మనిషి. తాత పోయాక బాపు ఆమెను గోదావరిఖనికి తెచ్చుకున్నాడు. అవి అరవైల నాటి రోజులు. మాది రెండు గదుల రేకుల క్వార్టర్. వంటగదిలో బొగ్గుల పొయ్యి, ముందు గదిలో మంచాలు, మిగిలిన జాగాలో మేము.

ఆ ఉగాదినాడు బాపు మొదటి షిఫ్టు డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, పోలెలు తింటూ ఉన్నట్టుండి తల్లిని అడిగాడు. "అవ్వా, నీ బతుకంత మాకు చేసిపెట్టుడే అయింది. నీకేమన్న సూడాలని ఉంటే చెప్పు. ఈ ఏడు తిప్పుత." వేరే ముసలమ్మలైతే, నాకేం కోరికలు నాయనా, మీరు చల్లగా ఉంటే చాలు అనేవాళ్లు. మా బాపమ్మ అలా అనలేదు. ఎవరో ఒకరు అడగకపోతారా అని పెళ్లినాటి నుంచీ కాచుకుని కూర్చున్నదానిలా చెయ్యి తుడుచుకుని, పిడికిలి బిగించి, ఒక్కో కోరికకూ ఒక్కో వేలు తెరవడం మొదలుపెట్టింది.

చిటికెన వేలు తెరిచి, రైలెక్కి గోదావరి దాటాలంది. ఉంగరం వేలు తెరిచి, రామగిరి గుట్ట ఎక్కి పైనుంచి తన ఊరు చూడాలంది. నడిమి వేలికి కాళేశ్వరంలో స్నానం. చూపుడు వేలికి వేములవాడ. బాపు పసివాడుగా ఉన్నప్పుడు జ్వరం వస్తే అక్కడ కోడెను కట్టేస్తానని మొక్కుకుని, వాడికి పెళ్లయి పిల్లలు పుట్టినా ఇంకా తీర్చలేదట. బొటనవేలు మాత్రం కాసేపు ఆగి తెరిచింది.

"నువ్వు పని చేసే బాయి సూడాలె కొడుకా."

మా దగ్గర బొగ్గు గనిని బాయి అంటారు. బాపు నవ్వాడు. "ఆడోళ్లను లోపలికి దిగనియ్యరవ్వా. రూలు."

"రూలు సంగతి నేనడిగిన్నా? నువ్వు అడిగినవ్, నేను చెప్పిన. గీ అయిదు సూస్తె సాలు, ఇగ నా పానం పోయినా ఫికర్ లేదు."

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. నాకప్పుడు ఏడెనిమిదేళ్లుంటాయి. ఆ చివరి మాట చెవిలో పడిందే గానీ, లోపలికి దిగలేదు.

రైలు ప్రయాణమంటే రామగుండంలో ఎక్కి మంచిర్యాలలో దిగడమే. కిటికీ చువ్వను రెండు చేతులా పట్టుకుని, రైలుకు తన సాయం లేకపోతే నడవదన్నట్టు కూర్చుంది బాపమ్మ. వంతెన మీదికి రాగానే పెట్టెలో వాళ్లంతా నదిలోకి పైసలు విసిరారు. ఆమె కొంగుముడి విప్పి గుప్పెడు జొన్నలు వదిలింది. "గంగమ్మకు పైసలెందుకే, బువ్వ పెట్టాలె గని" అంది నాతో. ఇంటికి వచ్చి చిటికెన వేలు మడిచింది. ఆ రోజంతా ఆ వేలు మడుచుకునే పొయ్యి ఊదింది, బియ్యం చెరిగింది, మా లైనులో ప్రతి గుమ్మానికీ వెళ్లి చూపించి వచ్చింది. మా అమ్మ తల కొట్టుకుంది.

వానలు తగ్గాక రామగిరి ఎక్కాం. బాపు దారి పొడుగునా ఆగి ఊపిరి తీసుకుంటుంటే ఆమె ముందుకు పోయి, రాయి మీద కూర్చుని మా కోసం ఎదురుచూసేది. పైకి వెళ్లాక బాపు వేలు చాపి దూరంగా ఊరిని చూపించాడు. చెరువులు, చెలకలు, వాటి నడుమ నాలుగు కప్పులు. "గింతేనా!" అంది. అరచెయ్యి చాపి ఆ ఊరిని మూసి చూసింది. తను పుట్టింది, కాపురం చేసింది, కొడుకును కన్నది, మొగుణ్ని సాగనంపింది, అంతా ఆ చెయ్యి కింద పట్టింది. ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది. ఎవరూ పోకుండానే మనిషి ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. నాకేం చెయ్యాలో తెలియక ఆమె మోకాలు పట్టుకుని కూర్చున్నాను. దిగివచ్చాక రెండో వేలు మడిచింది.

చలికాలంలో కాళేశ్వరం వెళ్లివచ్చాం. మూడో వేలు కూడా మడత పడింది. ఆ రోజుల్లోనే మా వెనక లైనులో ఒక తాత కాశీకి పోయి వచ్చాడు. ఎన్నో ఏళ్ల కోరికట. వచ్చి అందరికీ భోజనాలు పెట్టాడు, మాకూ పెట్టాడు. వారం తిరక్కుండానే నిద్రలో పోయాడు. నల్లా దగ్గర బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. "కోరిక తీరింది, పోయిండు. ఇంకేం కావాలె మనిషికి!" వాళ్లు మెచ్చుకుంటూనే అన్నారు. నేను మాత్రం ఖాళీ బిందెతోనే ఇంటికి ఉరికాను. గడపలో బాపమ్మ కూర్చుని పక్కింటి అక్కకు మడిచిన వేళ్లు చూపిస్తోంది. ఇంకా రెండే తెరిచి ఉన్నాయి. ఉగాదినాటి మాట అప్పుడు దిగింది నా లోపలికి. ఈ చెయ్యి పూర్తిగా మూసుకున్న రోజున మా బాపమ్మ ఉండదు.

ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమవుతుందని భయం. వేములవాడకు బయల్దేరే పొద్దున కడుపు పట్టుకుని మంచం మీద దొర్లాను. ప్రయాణం ఆగింది గానీ, బాపమ్మ పక్కన కూర్చుని రోజంతా వాము నమిలించింది. ఇప్పటికీ వాము వాసన వస్తే నా కడుపు తనంతట తాను నొప్పి మొదలుపెడుతుంది. మళ్లీ బాపుకు సెలవు దొరికినప్పుడు వెళ్లనే వెళ్లాం. కోడెను పట్టుకుని బాపమ్మ గుడి చుట్టూ తిరుగుతుంటే నేను ఆమె కొంగు పట్టుకుని తిరిగాను. నాలుగో వేలు మడిచింది.

ఇక మిగిలింది బొటనవేలు. దాని గురించి నాకు ధైర్యంగానే ఉండేది. ఆడవాళ్లు బాయి దిగకూడదన్న రూలు ఎవరు పెట్టారో గానీ, వాళ్లకు రోజూ మనసులోనే దండం పెట్టుకునేదాన్ని.

బాపమ్మకు మాత్రం ఆ వేలే అన్నింటికంటే బరువు. బాపు డ్యూటీకి వెళ్లాడంటే, తిరిగి వచ్చేదాకా అన్నం ముట్టేది కాదు. గడపలో కూర్చుని దారి చూసేది. అమ్మ కోప్పడితే ఒకసారి చెప్పింది. "పొలంల ఉన్నోన్ని ఇంట్ల కూసుండి మనసుల సూసుకుందు. ఈ గట్టు మీద ఉన్నడు, ఆ చెట్టు కింద తింటున్నడు అని. వీడు ఏడున్నడో, ఎట్లున్నడో నాకు కండ్లల్ల మెదుల్తలేదే. బువ్వ ఎట్ల దిగుతది?" ఆ మాట బాపు విన్నట్టున్నాడు. చేతులు కడుక్కుని లేచాడు.

మళ్లీ ఉగాది దగ్గరపడింది. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను ఆటల నుంచి వచ్చేసరికి మా ఇంటి కిటికీలకు బొంతలు వేలాడుతున్నాయి. తలుపు ఓరగా ఉంది. గుమ్మంలో బాపు డ్యూటీ బట్టల్లో నిలబడి ఉన్నాడు. తలకు తువ్వాల చుట్టి దానికి బ్యాటరీ లైటు కట్టుకున్నాడు. పక్కన బాపమ్మ, చేతిలో కర్ర. "రా బిడ్డా, అందరం బాయి దిగుదాం" అన్నాడు. నాకు ఆట అనిపించి సంబరంగా ఆమె చెయ్యి పట్టుకున్నాను.

లోపలికి అడుగుపెట్టగానే తలుపు మూసుకుంది. మంచాలన్నిటినీ పక్కకు తిప్పి ఇటుకల మీద నిలబెట్టి, రెండు వరసలు చేసి, పైన చెక్కలు పరిచి, చుట్టూ తడిపిన గోనెసంచులు దింపారు. నడుం వంచితే తప్ప పోలేని ఇరుకుదారి. కింద బొగ్గు పెళ్లలు. ఎక్కడో నీళ్లు చుక్క చుక్కగా పడుతున్నాయి. అది అమ్మ చిల్లికుండ అని తర్వాత తెలిసింది. బాపుతో పనిచేసే పక్కింటి కాక చివర కూర్చుని డబ్బా మీద కొడుతూ, బొగ్గు మోసే టబ్బుల చప్పుడు చేస్తున్నాడు. బాపు ముందు నడుస్తూ చెబుతున్నాడు. గీడ నిలబడి తవ్వుతం. గీడ నింపుతం. గిది మేం నీళ్లు తాగే జాగ. కాసేపటికి లైటు ఆర్పాడు. నా చెయ్యి నాకే కనిపించలేదు. "గిదే అవ్వా, బాయిల చీకటి."

మళ్లీ లైటు వేసి, ఆమె చేతి కర్రతో పైచెక్కను తట్టించాడు. గట్టి చప్పుడు వచ్చింది. ఇంకో చోట తట్టించాడు. అక్కడ చెక్క వదులుగా ఉండి డొల్లగా మోగింది. "రోజు పోంగనే పైన గిట్ల కొట్టి సూస్తం. మొదటి సప్పుడు అస్తె కింద పని చేస్తం. రెండోది అస్తె ఎనుకకు జరుగుతం. గంతే అవ్వా." బాపమ్మ ఆ రెండు చోట్లా మళ్లీ మళ్లీ తట్టింది. కళ్లు మూసుకుని వింది. తర్వాత, బువ్వ ఏడ తింటవని అడిగింది. బాపు ఒక మూల చూపించాడు. ఆమె అక్కడే కూలబడి, రోజూ అతను పట్టుకెళ్లే గిన్నె మూత తీసి, ఒక ముద్ద అతని నోట్లో పెట్టి, ఇంకో ముద్ద తన నోట్లో పెట్టుకుంది. "మెదిలింది కొడుకా" అంది. "ఇగ కండ్లల్ల మెదుల్తవ్."

ఆ వెలుతురులో ఆమె కుడిచెయ్యి పైకెత్తడం చూశాను. బొటనవేలు వంగుతోంది.

నేను ఎట్లా అరిచానో నాకు గుర్తులేదు గానీ, లైనంతా వినపడిందని అమ్మ చెప్పేది. ఆ వేలిని రెండు చేతులతో పట్టుకుని వేలాడాను. "వద్దు, మడవొద్దు, మడిస్తె సచ్చిపోతవ్" అని ఒకటే ఏడుపు. కాక డబ్బా చప్పుడు ఆపాడు. అమ్మ వచ్చి కిటికీ బొంత లాగేసింది. వెలుతురులో మా గని మళ్లీ మంచాలు, సంచులు అయిపోయింది. కాశీ తాత సంగతి, వాము నమిలిన రోజు సంగతి, అన్నీ ఎక్కిళ్ల మధ్య చెప్పేశాను.

ఎవరూ నవ్వలేదు. బాపమ్మ నన్ను ఒళ్లోకి లాక్కుంది. బొగ్గు మరకల చేత్తో నా మొహం తుడిచి దాన్ని ఇంకా నల్లగా చేసింది. తర్వాత, మడవబోయిన వేలిని నిటారుగా నిలబెట్టింది.

"ఏడ సూసిన్నే పిచ్చిదానా! గిది మీ బాపు కట్టిన ఉత్తుత్తి బాయి. అసలు బాయి ఇంకా సూడనే లేదు. సముద్రం ఒకటి ఉన్నదట, దాన్నీ సూడాలె. నువ్వు సదువుకొని కొలువు చేసి తీస్కపోవాలె. గప్పటిదాంక నేనేడికి పోత?"

ఆ రాత్రి ఆమె పక్కలో పడుకుని ఆ వేలు పట్టుకునే నిద్రపోయాను. మర్నాటి నుంచి బాపు డ్యూటీలో ఉన్నప్పుడు కూడా ఆమె వేళకు అన్నం తినేది. తింటున్నంతసేపూ ఆ కర్ర పక్కనే ఉండేది.

డెబ్బైల చివర్లో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. మొదటి సెలవుల్లోనే చీరాలలో రైలు దిగి ఆమెను సముద్రం దగ్గరికి తీసుకెళ్లాను. కాళ్లు తడుపుకుంది, నీళ్లు నాలుక మీద వేసుకుని మొహం చిట్లించింది. ఆమె చేతివైపు నా చూపు పోవడం గమనించినట్టుంది. గబుక్కున ఒక కన్ను అరచేత్తో మూసుకుంది. "ఒక్క కన్నుతోనే సూస్తున్న బిడ్డా. రెండోదానికి మల్లచ్చినప్పుడు సూపిస్త." నాకప్పటికి ఇరవై దాటాయి. అయినా ఆ మాటకు పసిపిల్లలా ఊరట కలిగింది. ఆ తర్వాత కూడా ఆమె చాలా ఏళ్లు బతికింది. పోయిన రోజున చుట్టాలు, పాపం, సముద్రం ఇంకోసారి చూస్తానంటుండేదని బాధపడ్డారు. నేను ఏడుస్తూనే ఆ చెయ్యి చూశాను. బొటనవేలు తెరిచే ఉంది. నాకిచ్చిన మాట ఆమె చివరిదాకా నిలబెట్టుకుంది.

నేను రిటైరై చాలాకాలమైంది. నిరుటి ఉగాదికి పిల్లలు, అమ్మా నీకేమన్నా చూడాలని ఉందా అని అడిగితే, నేనూ సిగ్గుపడకుండా అయిదు వేళ్లూ తెరిచాను. ఏడాదంతా తిరిగాను. విమానం ఎక్కాను, మంచు ముట్టుకున్నాను, గోదావరి మీద లాంచీలో పోయాను, మోకాళ్లు తిట్టుకుంటున్నా వినకుండా మళ్లీ రామగిరి ఎక్కాను. అయిదోది అసలు బాయి. ఇప్పుడు రూలు మారింది, ఆడపిల్లలు కూడా దిగుతున్నారు. నా తమ్ముడి కొడుకు అక్కడే పనిచేస్తున్నాడు. నానా తంటాలు పడి, నేను లోపలికి వెళ్లడానికి పర్మిషన్ తెచ్చాడు. టోపీ పెట్టుకుని, బూట్లు వేసుకుని బాయి నోటిదాకా వెళ్లాను. లోపలి నుంచి వెచ్చటి గాలి మొహానికి కొట్టింది. తడి గోనెసంచి వాసన. మా ఇంటి వాసన. వాడి చేతిలోని కర్ర తీసుకుని గోడను తట్టాను, గట్టిగానే పలికింది. అక్కడే ఆగిపోయాను.

"ఇయ్యాల్టికి సాలురా, ఇంకోసారి దిగుత" అంటే వాడికి ఒళ్లు మండింది. "గింత కష్టపడి తెస్తె గిట్ల చేస్తివేందత్తా!" అన్నాడు. ఏం చెప్పను వాడికి?

ఇంటికి వచ్చాక నా మనవరాలు నా చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఏడాది లెక్క చూసింది. దానికిప్పుడు ఆనాటి నా వయసే. నాలుగు వేళ్లు తనే మడిచి, బొటనవేలు దగ్గర ఆగి నా మొహం చూసింది. అప్పుడు దానికి ఇదంతా చెప్పాను. మనం తిరిగిందీ చూసిందీ మనకోసమే. ఒకటి మిగుల్చుకోవడం మాత్రం మన చెయ్యి పట్టుకున్నవాళ్ల కోసమని ఆ ఉత్తుత్తి బాయిలో తెలుసుకున్నాను. ఇది దానికి ఎంత అర్థమైందో తెలియదు.

కానీ అప్పటి నుంచి, నేను కునుకు తీస్తున్నప్పుడు అది చప్పుడు చెయ్యకుండా వచ్చి, నా బొటనవేలు తెరిచే ఉందో లేదో చూసుకుని మళ్లీ ఆటకు పోతుంది.