సొర నూనె రాసిన ఉక్కు తూటాలు

మొన్న ముసురులో, ఊడిన బొత్తాం కుట్టుకుందామని సూదుల డబ్బా తెరిస్తే, దారపు ఉండల అడుగునుంచి చిటికెనవేలి చివరి కణుపంత ఉక్కు గొట్టం ఒకటి దొర్లుకుంటూ వచ్చి నా ఒళ్లో పడింది. ఒకవైపు మూత, ఒకవైపు నోరు తెరుచుకున్న ఖాళీ తూటా అది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఉందో లేదో తెలియనంత సన్నగా సొరచేప నూనె వాసన వచ్చింది. ఇరవై అయిదేళ్లు నిలిచిన వాసనో, నా ముక్కు చేసిన మర్యాదో చెప్పలేను. గోపాలపట్నంలో మా ఇంటి కిటికీ ఊచలు ఏడాదికోసారి రంగు పూసినా పొలుసులు పొలుసులుగా తుప్పు రాలుస్తాయి, గేటు గొళ్లెం వానాకాలం దాటేసరికి ఎర్రబడుతుంది. ఆ తూటా తొడుగు మాత్రం కొన్ననాటి చెంచాలా మెరుస్తోంది. బొత్తాం సంగతి మరిచిపోయి చాలాసేపు దాన్ని పట్టుకుని కూచున్నాను.

తొంభైల చివర్లో మేం సముద్రం ఒడ్డున యారాడలో ఉండేవాళ్లం. మా అమ్మ తెల్లారకముందే చేపల గంపతో పూర్ణా మార్కెట్‌కి వెళ్లిపోయేది, నన్ను పెంచింది ఆమె తండ్రి సింహాద్రి తాత. నలభై ఏళ్లు నావ మీద బతికిన మనిషి, మోకాళ్లు మొరాయించాక నేల మీద ఉద్యోగం వెతుక్కోవాల్సి వచ్చింది. కొండ దిగువన ఒక రైఫిల్ క్లబ్బుండేది. క్లబ్బంటే రేకుల షెడ్డు, దాని ఎదుట ఎర్రమట్టి కట్ట, కట్ట ముందు గుండ్రాలు గీసిన అట్టలు, అంతే. దానికి కాపలాదారుగా కుదిరాడు తాత. మొలతాడుకు తాళాలగుత్తి వేలాడేసుకుని, వల విసిరే ఠీవితోనే షెడ్డు తలుపు తెరిచేవాడు. ఎండాకాలం కొండమీది జీడితోటల్లో పండిన ముంతమామిడి పళ్ల పులుపు వాసన, ఎండబెట్టిన నెత్తళ్ల చేపల వాసన, కాలిన మందు వాసన, మూడూ కలిసి సముద్రపు గాలిలో తేలుతుంటే, బడి విడిచిన వెంటనే నేను అక్కడికి పరుగెత్తేదాన్ని. దసరాకి ఆయుధపూజ చేస్తే క్లబ్బు తుపాకుల పక్కనే తాత తన పాత తెడ్డూ, గాలాల డబ్బా పెట్టి అన్నిటికీ సమానంగా పసుపు రాసి బొట్లు పెట్టేవాడు. అరటిపండు ముక్కలూ, అటుకులూ, బెల్లమూ మాకు పెట్టేముందు ప్రతి తుపాకీ ముందూ చూపించేవాడు, అవి అలగకూడదని.

అక్కడ పిల్లలకు నేర్పే అప్పలనాయుడు మాస్టారు పటాలంలో పనిచేసి వచ్చిన మనిషి. ముక్కుపొడుం అలవాటు. తాతకూ ఆయనకూ చుట్టరికం లేదు, కులం వేరు, ఊరు వేరు, అయినా మొదటిరోజు నుంచే ఒకరికొకరు బావ. కాపలాదారు మనవరాలు ఊరికే కూచుని చూస్తోందని నా చేతిలో తుపాకీ పెట్టింది ఆయనే. గురువు మీద గురి ఉంటే అట్ట మీద గురి అదే కుదురుతుందనేవారు. నాకు గురువు మీద వెంటనే కుదిరింది, అట్ట మీద కుదరడానికి రెండేళ్లు పట్టింది.

పిల్లలందరికీ కలిపి ఒకటే తుపాకీ. పాతదే కాని సెమీ ఆటోమేటిక్. ట్రిగ్గర్ నొక్కితే గుండు పోయాక, ఖాళీ తొడుగును తనే బయటికి తుమ్మి, తరవాతి తూటాను తనే నోట్లో వేసుకునే రకం. ఇత్తడి తొడుగుల తూటాలు స్తోమతున్న సభ్యులవి. మాకు దక్కేవి ఎక్కడో మంచు దేశంనుంచి దిగిన చవక ఉక్కు తూటాలు, బూడిదరంగువి. ఉక్కు కాచి దేశమంతటికీ పంపే మా ఊళ్లో ఉక్కు తూటా అంటే అంత చులకన. ఉక్కుకీ ఉక్కకీ లోటులేని ఊరు కదా, రెండూ విసుగు పుట్టించి ఉంటాయి. ఇత్తడి మెత్తన, పేలినప్పుడు పొంగి గొట్టాన్ని అంటుకుని మసిని ఆపుతుంది. ఉక్కు అలా పొంగదు, మసి వెనక్కి చిమ్మి లోపలంతా పేరుకుంటుంది. దాంతో మా తుపాకీ ఇరవై గుళ్లకోసారి నోరు బిగపట్టేది.

“ఏటి బావ, నీ తుపాకికి రేసను బియ్యం ఎక్కవా?” అనేవాడు తాత.

“ఎక్కుతాయి బావ. అరగడానికే టైమెడతాది,” అనేవారు మాస్టారు, పొడుం పట్టు పీలుస్తూ.

సాయంత్రం సాధన అయ్యాక పొడుగాటి కడ్డీకి గుడ్డపీలిక చుట్టి గొట్టం తోమడం మా వంతు. ఆ తరవాత అసలు ఆట. ఖాళీ తొడుగులన్నీ ఏరి అప్పగించాలన్నది క్లబ్బు నియమం. పాడైన రేడియో స్పీకరులోంచి తాత ఊడదీసిన అయస్కాంతానికి తాడు కట్టి ఎర్రమట్టి మీద ఈడ్చుకుంటూ పోతే, ఉక్కు తొడుగులు చీమల్లా లేచివచ్చి అతుక్కునేవి. పాపం ఇత్తడి వాళ్లు నడుములు వంచి ఒక్కొక్కటే ఏరుకునేవారు. పేదరికానికి అదొక్కటే సుఖం.

కాని ఉక్కుకు అసలు శత్రువు మా యారాడ గాలి. డబ్బా విప్పిన వారానికి తూటాల మీద ఎర్రటి చుక్కలు మొలిచేవి. చుక్క కనిపిస్తే మాస్టారు పక్కన పెట్టేసేవారు. జిల్లా జట్టుకు ఎంపిక మా క్లబ్బులోనే జరుగుతుందని తెలిశాక, మాస్టారు మూడు రోజులు ఎండలో కూచుని, కళ్లజోడు మీద ఇంకో అద్దం పెట్టుకుని, మచ్చలేని తూటాలు యాభై ఏరి నాకోసం పెట్టెలో దాచారు. నలభై పేల్చాలి, పది నమ్మకానికి. “ఇవి నీవే పైడీ. తుప్పట్టకుండా ఉంటే సాలు, మిగతాది నీ సేతిలో పని,” అన్నారు. ఆ మాట తాత విన్నాడు.

ఎంపిక రోజు పొద్దున్న తాత నాకు చద్దన్నంలోకి నంజుకోడానికి ఉల్లిపాయ పెట్టి, కొత్త పరికిణీ కట్టుకోమని, నుదుట గంగమ్మ తల్లి కుంకుమ దిద్దాడు. తూటాల డబ్బా నా చేతిలో పెడుతూ ఏదో పెద్ద రహస్యం దాచుకున్నవాడిలా నవ్వాడు. డబ్బా కాస్త జిడ్డుగా ఉన్నట్టు అనిపించింది, పట్టించుకోలేదు. వాసన నాకు తెలియలేదు. మా ఇంట్లో చేప వాసన రాకపోతేనే అనుమానించాలి. మాస్టారి ముక్కు ఎలాగూ పొడుంకి అంకితం.

మొదటి పదిహేను గుళ్లూ నల్లచుక్క చుట్టూ ఒక రూపాయి బిళ్ల కింద దాగేలా పడ్డాయి. తుపాకీ వేడెక్కింది. పదహారో గుండుకు పొగలో ఏదో తేడా. నా పక్కన బోర్లా పడుకుని పేలుస్తున్న అమ్మాయి తల తిప్పి, “ఇక్కడ ఎవరండీ సేపలేపుతన్నారు?” అంది. క్లబ్బు ఊరకుక్క ఎక్కడినుంచో వచ్చి నా కాళ్ల దగ్గర కూచుని, తోక ఆడిస్తూ, ఎంతో ఆశగా తుపాకీ వైపు చూడసాగింది. పందొమ్మిదో గుండు పేలింది, తొడుగు బయటికి రాలేదు.

చెయ్యెత్తాను. న్యాయనిర్ణేత వచ్చి, వంగి చూసి, “తుపాకి నీది, తూటా నీది. గడియారం మాత్రం ఆగదు,” అన్నాడు. మాస్టారు గీత అవతల నిలబడి ఉన్నారు, దాటి రాకూడదు. నేర్పినట్టే గొట్టం మట్టికట్ట వైపే ఉంచి, తూటాలు నింపే మేగజైన్ తీసి, తూటాను లోపలికి నెట్టే బోల్టు రెండు చేతులా లాగాను. నల్లటి జిగురుతో తొడుగు ఊడి వచ్చింది. అప్పుడు తెలిసింది, తూటాలకు పైనుంచి కింది దాకా నూనె ఉందని, వేడికి అది మసితో కలిసి జిగురైందని, ఆ వాసన నేను పుట్టిననాటినుంచీ ఎరిగినదని. నావ చెక్కలకు, గాలాలకు తాత రాసే సొర నూనె. తలెత్తి గేటు వైపు చూశాను. తాత తాళాలగుత్తి పట్టుకుని, మనవరాలు గెలుస్తోందన్న నమ్మకంతో చెయ్యి ఊపాడు.

ఆ పరికిణీ ఆరోజుతో సరి. ఒక్కొక్క తూటాను దాని కుచ్చిళ్లలో తుడిచి, ఒక్కొక్కటే లోపల పెట్టి, పేల్చి, చేత్తో లాగి, మళ్లీ తుడిచి, తనంత తాను తినగలిగే తుపాకీకి చంటిపిల్లకు గోరుముద్దలు తినిపించినట్టు తినిపించాను. గంట కొట్టేసరికి ఆరు మిగిలిపోయాయి. పేలిన ముప్ఫై నాలుగూ బాగానే పడ్డాయి. పేలని ఆరు సున్నాలు. జట్టులో నాకు చోటు లేదు.

అంతకంటే పెద్ద గండం అప్పుడే వచ్చింది. క్లబ్బు కార్యదర్శి, ఎండలోనూ ఇస్త్రీ చెడని మనిషి, నా దగ్గరికి వచ్చి జిడ్డు తూటా ఒకటి వేళ్లతో ఎత్తి, “పెట్టెలో ఉన్న తూటాలను ఎవరు ముట్టుకున్నారు?” అన్నాడు. పెట్టె తాళం ఉండేది ఇద్దరి దగ్గరే, మాస్టారు, తాత. తాత ఉద్యోగం పోతే ఆ మోకాళ్లతో మళ్లీ నావ ఎక్కాలి. మాట ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేసింది. “నానేనండి. నానే రాసీసినాను.”

మాస్టారు ఆ తూటా అందుకున్నారు. జేబురుమాలు తీసి, ముక్కు గట్టిగా చీది, బహుశా ఏళ్ల తరవాత మొదటిసారి ఒక వాసనను పూర్తిగా పీల్చారు. గేటు వైపు చూశారు. నా వైపు చూశారు.

“పాపకేటి తెల్సండి,” అన్నారు కార్యదర్శితో. “తుప్పట్టకుండా కాస్త నూనె అద్దమన్నది నానే. కాస్తంటే ఎంతో సెప్పలేదు. అయినా సవక సరుకండి, ఇత్తడివైతే ఈ గోలేటి?”

కార్యదర్శి వెళ్లిపోయాడు. నోరులేని ఉక్కు తూటా అందరి తప్పూ తన మీద వేసుకుంది. అందరం బయటపడ్డాం.

గేటు దగ్గర తాత ఎదురొచ్చాడు. ఇంకా ఏమీ తెలియదు. “ఏటే గుంటా, ఒక్కటైనా తుప్పట్టిందేటి? నిన్న మజ్జాన్నం కూకుని ఒక్కోదానికీ రాసినాను. మా గాలాలు పదేళ్లైనా ఎర్రబడవు,” అన్నాడు మురిసిపోతూ. నేను జవాబు చెప్పలేదు. కోపంతో, జిడ్డు పరికిణీతో, ఆయన పక్కనుంచి నడుచుకుంటూ పోయాను. ఆ వయసులో అంతకంటే పెద్ద దెబ్బ కొట్టడం నాకు చేతకాదు.

వెనక మాస్టారి గొంతు వినపడింది, కోపం లేకుండా. “బావ, గాలం నీళ్లలోకి ఎల్తాది. ఇది నిప్పులోకి ఎల్తాది.”

తరవాత తాత, “పిల్లది ఓడిపోనాదా బావ?” అన్నాడు. సముద్రం మీద నావ బోల్తాపడ్డ కథలు నవ్వుతూ చెప్పే మనిషి గొంతు అలా వినడం అదే మొదలు.

ఆ సాయంత్రం తాత సొర పిట్టు వండాడు, నా పరికిణీ సబ్బు పెట్టి మూడుసార్లు ఉతికాడు, వాసన పోలేదు. తరవాత ఎప్పుడూ తూటాలు ముట్టలేదు కాని, నేను తుపాకీ తోమేటప్పుడు పక్కన కూచుని పొడి గుడ్డలు చింపి ఇచ్చేవాడు. మరుసటి ఏడు జిల్లా జట్టులో చివరి పేరు నాది, అదనపు ఆటగత్తెగా. వెళ్లిన చోటల్లా నీళ్ల సీసాలకు బాగా గురిపెట్టి కాపలా కాశాను. మాస్టారు ఎంపిక రోజున ఏరిన తొడుగుల్లోంచి ఒకటి, క్లబ్బు పుస్తకంలో రాయించి మరీ, నా చేతిలో పెట్టారు. “దాసుకో. ఉద్యోగాలు నిలబెట్టిన తూటా ఇది,” అన్నారు.

ఇప్పుడు ఆ మట్టికట్ట లేదు, రేకుల షెడ్డు లేదు. వాటిమీదుగా రోడ్డు వెడల్పయింది. మాస్టారు లేరు, తాత అంతకుముందే వెళ్లిపోయాడు. అయస్కాంతం ఏమయిందో తెలియదు. నేను గురిపెట్టేది సూది బెజ్జానికే, అదీ రెండో ప్రయత్నానికి. ఆరు గుళ్లు మిగిలిపోయినందుకు ఒకప్పుడు ఎంత ఏడ్చానో తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ ఆరూ పేలి ఉంటే నాకు ఒక కప్పు దక్కేదేమో, ఈపాటికి తుప్పు పట్టేది.

తొడుగును కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూశాను, లోపలా బయటా. ఆరోజు గేటు దగ్గర ఆయన అడిగిన ప్రశ్నకు నేను బాకీ పడ్డ జవాబు ఒకటి ఉంది.

లేదు తాతా. ఒక్క చుక్కయినా పట్టలేదు.