దేశీ నల్లాలు

సర్కారు పని దొరకడమే ఒక గండం, దాన్ని పూర్తిచేయడం ఇంకో గండం. యూనివర్సిటీలో ఆడపిల్లల హాస్టల్ బాత్రూముల పని మా ఆయనకు వచ్చినప్పుడు సీతాఫల్‌మండిలో మా గల్లీ అంతా లడ్డూలు పంచాను. నల్లాలన్నీ బిగించాక అదే గల్లీలోంచి ఏడుస్తూ పరుగెత్తాను.

సర్కారు కట్టడాల్లో మన దేశంలో తయారైన సామానే వాడాలని రూలు. అట్లాగే వాడామని మా ఆయన సంతకం చేసి ఇచ్చాడు. అది అబద్ధమని తేలితే బ్లాక్‌లిస్టులో పెడతారు. ఇటుకలు మోసి, మేస్త్రీ అయి, కాంట్రాక్టరైన మనిషి, మళ్లీ ఏ సర్కారు పనికీ పనికిరాడు.

తనిఖీకి వచ్చిన ఇంజనీరు ఒక నల్లా తిప్పి చూశాడు.

"కంపెనీ మనదే. మరి తయారైంది ఈడనేనా? డబ్బా మీద రాసుంటది, చూపించండి. సాయంత్రం లోపల చూపించకపోతే పైకి రాస్తా."

డబ్బాలెక్కడివి మా మొహానికి! సైటులో ఖాళీ అట్టపెట్టెలు కూలీల సొత్తు. పరుచుకుంటారు, గుడిసెలకు కట్టుకుంటారు. ఏ కాంట్రాక్టరూ వాటిని తిరిగి అడగడు.

ఆయన ఫోన్ చేసి ఈ సంగతి చెప్పగానే, ముందు తార్నాకలో మేం నల్లాలు కొన్న దుకాణానికి వెళ్లాను. "పేరు చూడున్రి మేడం, పూరా దేశీ" అని అమ్మిన పెద్దమనిషి ఇప్పుడు ముఖం తిప్పుకున్నాడు.

"నేను అమ్మెటోన్నే గద, చేసెటోన్నా? ఆ మాల్ ఖతమైంది. డబ్బా ఒక్కటి గూడ లేదు."

నీ నోట్లో మన్నుపడ అని నలుగురి ముందే తిట్టాను. తిడితే డబ్బా వస్తుందా? పేరు మనదైతే సామానూ మనదే అనుకోవడం మా లైన్లో అందరికీ అలవాటే. ఆ ధైర్యంతోనే ఆయన సంతకం పెట్టాడు.

క్యాంపస్‌కు తిరిగొచ్చేసరికి వాన మొదలైంది. హాస్టల్ వెనక కూలీల గుడిసెల దగ్గర మా ఆయన ఒక్కొక్కదాంట్లోకీ తొంగి చూస్తున్నాడు. పాలమూరు నుంచి వచ్చిన ఒకామె జల్లు కొట్టే వైపు మా నల్లాల పెట్టెనే విప్పి అడ్డంగా కట్టుకుంది. లోపల పసిబిడ్డ ఉంది.

"జెర ఇప్పియ్యమ్మా, మళ్ల ఇస్తం" అన్నాడాయన. ఆమె సుతిలి తాడు విప్పి, బిడ్డ మీద కొంగు కప్పింది.

అట్ట మీద కంపెనీ పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. అడుగున, చిన్న అక్షరాల్లో, తయారైన దేశం పేరు. మన దేశం కాదు.

ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదు. నా ముఖంలోకే చూస్తున్నాడు.

"మనదేనా?"

"కాదు. బయట దేశంల చేసిన్రు."

"కంపెనీ మనదే గద! గట్లెట్లయితది?" నేనే ఆ ఇంజనీరునైనట్టు నాకు రెండు చేతులూ జోడించాడు. "ఇంకోసారి చదువు. మంచిగ చదువు."

"అక్కా, బిడ్డ తడుస్తున్నది. అట్ట ఇస్తవా?" అని లోపలినుంచి ఆమె అడిగింది.

ఇవ్వలేకపోయాను. ఆయన కోసం, పైకి, మళ్లీ చదివాను.