వానలో నిలబడ్డ ‘ఈ’

నిజాం పాలన చివరి రోజుల్లో వనపర్తి దగ్గరి ఒక బడిలో నేను కొత్తగా ఇంగ్లీషు పంతులుగా చేరాను. తనిఖీ అధికారి మెచ్చితేనే ఉద్యోగం నిలుస్తుంది.

‘రైడ్’ అనే మాటకు ‘ఇంగ్’ చేరిస్తే చివరి ‘ఈ’ పోతుందని ఎంత చెప్పినా పిల్లలకు ఎక్కలేదు. అందుకని ఒక్కొక్కరి మెడలో ఒక్కో అక్షరం రాసిన పలక వేలాడదీసి, ఆ మాట వరుసలో నిలబెట్టాను. ‘ఇంగ్’ పలకల పిల్లలు ముగ్గురు లోపలికి రాగానే, ‘ఈ’ పలక వేసుకున్న బాలయ్య బయటికి పోవాలి.

తనిఖీ రోజు ముగ్గురూ వచ్చారు, బాలయ్య బయటికి పోయాడు. అంతలో వాన దంచింది.

“పోరడు తడుస్తుండు, లోపలికి పిలువు” అన్నాడు అధికారి.

“బాలయ్యా, లోపలికి రారా!” అన్నాను.

“ఎట్ల వస్త సార్? ఇంగోళ్లు లోపల్నే ఉన్నరు గద!”

“ఏం గాదు, రా!”

“తప్పయితది సార్. మల్ల మీరే కొడతరు.”

తరగతి గొల్లుమంది. పలక మీది అక్షరం వానకు కొట్టుకుపోయినా వాడు మాత్రం కదలలేదు.

“ఏంది పంతులూ గీ తమాషా?” అని అధికారి గర్జించాడు.

“వాడు వట్టి మొండోడు దొరా, చెప్పింది వినడు” అనేశాను.

అధికారి వానలోకి పోయి వాడి చెవి మెలిపెట్టి లాక్కొచ్చాడు. వాడు ఏడుస్తూ నావైపే చూశాడు.

నా ఉద్యోగం నిలిచింది. ఊళ్లో వాణ్ణి ఇప్పటికీ మొండి బాలయ్య అనే పిలుస్తారు. అది అబద్ధం. నా పాఠాన్ని అంత శ్రద్ధగా విన్న పిల్లవాడు నాకు మళ్లీ దొరకలేదు.