అపాస్ట్రఫీ దగ్గర ఆగిపోయిన ఊఁ

దెయ్యాల మాట ఎత్తితే మా ఇంట్లో చీవాట్లు పడేవి. చనిపోయినవాళ్ళు తీర్పుదినం దాకా నిద్రలోనే ఉంటారని చర్చిలో చెప్పేవాళ్ళు. నేనూ అదే నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను. అయినా ఆ మధ్యాహ్నం విన్నదాన్ని వినలేదని మాత్రం అనలేను.

పందొమ్మిదివందల యాభైలలో మేం మద్రాసు వ్యాసర్పాడిలో, రైల్వే యార్డు గోడ పక్కన ఉండేవాళ్ళం. నాన్న యార్డులో కూలి, అమ్మ ఆస్పత్రిలో ఆయా. నేను ఎస్సెల్సీ గట్టెక్కి టీచరు ట్రైనింగులో చేరాలని అమ్మ పట్టుదల. నాకేమో ఇంగ్లీషంటే గుండెదడ.

రోజూ అమ్మకు పాఠం ఒప్పజెప్పాలి. అమ్మకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. వంటింట్లో తెర వెనక కూర్చుని, చేటలో బియ్యం ఏరుతూ వినేది. ఇంగ్లీషు వ్యాకరణంలోని ఒక్కో అలంకారానికీ నిర్వచనం, ఉదాహరణ చెప్పగానే ముక్కుతో సాగదీసి "ఊఁ" అనేది. తప్పు చెబితే ఆ ఊఁ వచ్చేది కాదు. నీకెట్టా తెలుస్తుందని ఒకసారి అడిగాను.

"నీ గొంతు తెలీదా నాకు? తప్పయితే తగ్గిపోతాది," అంది.

నేను ఎస్సెల్సీ పరీక్ష రాయాల్సిన ఏటి వానల్లోనే అమ్మ జ్వరంతో పోయింది. మేనత్త వచ్చి ఇల్లు చూసుకునేది. నాన్న మాట్లాడడమే తగ్గించేశాడు. "ఈ తూరి తప్పితే చదువు చాలుమా. అత్తతో పనికి పో," అన్నాడు. ఆయన్ని తప్పుపట్టను, ఇల్లు గడవాలి కదా.

పరీక్ష ముందురోజు మధ్యాహ్నం ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. అలవాటు కొద్దీ వంటింటి వైపు తిరిగి కూర్చుని అలంకారాలు పైకి చెప్పడం మొదలుపెట్టాను. సిమిలీ అయింది. "ఊఁ" అని వినిపించింది. మెటఫర్ అయింది. మళ్ళీ "ఊఁ". ఏళ్ళ తరబడి విన్న చెవులు, మొదట నాకు వింతగా కూడా తోచలేదు. మూడోదానికి కూడా వినిపించాక గానీ అమ్మ లేదన్న సంగతి గుర్తుకు రాలేదు.

గొంతు ఏమాత్రం తగ్గనివ్వకుండా, కావాలనే ఐరనీకి హైపర్బలీ నిర్వచనం చెప్పాను. వంటింట్లో చప్పుడు లేదు. సరిచేసి చెప్పాను. "ఊఁ".

అప్పుడే అత్త కుళాయి నీళ్ళు పట్టుకుని లోపలికొచ్చింది.

"ఎవురే ఆడ ఊఁ కొట్టేది?"

బిందె దించి తెర పక్కకు లాగింది. పొయ్యి చల్లారి ఉంది. చేట మేకుకు వేలాడుతోంది. ఆ గదికి కిటికీ లేదు, వెనక యార్డు గోడే. అత్త దేనికీ అదరని మనిషి. వచ్చి నా పక్కన కూలబడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆపబాక, చెప్పు," అంది.

ఇక మిగిలింది అపాస్ట్రఫీ అనే అలంకారం ఒక్కటే. దూరాన ఉన్నవాళ్ళనో, చనిపోయినవాళ్ళనో ఎదుటే ఉన్నట్టు పిలిచి మాట్లాడడం. ఉదాహరణ సొంతంగా రాస్తే మంచిదని మా టీచరమ్మ చెప్పింది. "అమ్మా, నేను చెప్పేది వింటున్నావా?" అని ఇంగ్లీషులో అన్నాను.

ఊఁ రాలేదు. తప్పు చెప్పానేమోనని పుస్తకం చూశాను. తప్పేమీ లేదు. మళ్ళీ చెప్పాను. చివరికి ఏడుస్తూ తెలుగులోనే అడిగాను. యార్డులో వ్యాగన్లు గుద్దుకుంటున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. సిమిలీ నుంచి మొదలుపెట్టి అన్నీ తిరిగి చెప్పి చూశాను. రాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.

మర్నాడు ప్రశ్నపత్రంలో అపాస్ట్రఫీ అడిగారు. ఆ వాక్యమే రాశాను. పాసయ్యాను, అమ్మ కోరినట్టే టీచరునయ్యాను. ఆ పాఠం చెప్పే రోజు మాత్రం నాకు అన్నం సహించేది కాదు.

నా భ్రమేనని సరిపెట్టుకుందామంటే, అత్త కూడా విన్నది. పోయేదాకా ఆ మాట మార్చలేదు. తనకు అర్థం కాని ఇంగ్లీషుకంతా ఊఁ కొట్టిన మా అమ్మ, నేను అమ్మా అని పిలిస్తే ఎందుకు పలకలేదో నాకు ఈనాటికీ తెలియదు.