పాల్వంచ క్వార్టర్‌లో అడవి ఆట

తలా ఒక పాత్ర తీసుకుని కథను మాటల్లో ఆడుకునే ఆట ఒకటుంది, వచ్చి చేరమని మా అక్క ఫోన్ చేస్తే నాకు ఒళ్లు మండింది. ముప్పై దాటాక ఈ ఆటలేమిటి? "నీ కోసం కాదే, మీ బావ కోసం," అంది. వాళ్లమ్మ పోయినప్పటి నుంచి బావ డ్యూటీకి పోతాడు, వస్తాడు, తింటాడు, పడుకుంటాడు. మాట మాత్రం లేదు. తల్లి పేరెత్తితే లేచి వెళ్లిపోతాడు. ఆయన స్నేహితుడు శ్రీను హైదరాబాదులో ఈ ఆట నేర్చుకుని వచ్చాడట. "నువ్వు కూసుంటే ఆయన గూడ కూసుంటడు. జల్దీ రా."

ఆదివారం పొద్దున ఖమ్మంలో భద్రాచలం బస్సెక్కాను. కొత్తగూడెం మీదుగా పాల్వంచకు రెండున్నర గంటలు పట్టింది. సీటు కావాలంటే బస్టాండులోనే ఎక్కాలి, దారిలో ఎక్కితే నిలబడాల్సిందే. అక్కావాళ్లుండే కరెంటు ప్లాంటు కాలనీ దగ్గర ఆపమంటే కండక్టరు, "షిఫ్టోళ్లంతా ఆడనే దిగుతరమ్మా, నువ్వు నిద్రపోయినా వాళ్లే లేపుతరు," అన్నాడు. నిజంగానే లేపారు.

భోజనాలయ్యాక ముగ్గురం చాప మీద కూర్చున్నాం. శ్రీను ఇరవై ముఖాల పాచిక ఒకటి నా చేతిలో పెట్టాడు. నేను వేటగత్తెను, బావ వైద్యుడు. శ్రీను కథ చెబుతూ మధ్యలో ఆపి "ఇప్పుడు ఏం చేస్తవ్?" అని అడుగుతాడు, మనం చెప్పాలి. పని కష్టమైనదైతే పాచిక వేయాలి. పెద్ద అంకె పడితే అయినట్టు, చిన్నది పడితే చెడినట్టు. అంతే ఆట. బావ మాత్రం అడిగిన ప్రతిసారీ నా వైపు చెయ్యి చూపించి ఊరుకున్నాడు. ఎందుకొచ్చానురా దేవుడా అనిపించింది.

"ఎదురుగ అడవి. తప్పిపోయిన పిల్ల లోపల ఉన్నది," అన్నాడు శ్రీను.

"ఉరుకుతా," అంటూ పాచిక ఎత్తాను.

"ఆగు!" బావ నా చెయ్యి పట్టుకున్నాడు. "గట్ల పోతరా ఏంది? ముందుగాల పచ్చాకు తెంపి రాయి మీద పెట్టాలె. దేవతకు చెప్పి పోవాలె."

శ్రీను నవ్వబోయి ఆగిపోయాడు. "గదేం పద్ధతి అన్నా?"

"మా అమ్మ నేర్పింది. బీడీల తునికాకు కోయనీకి పోయినప్పుడు..." బావకు ఏడుపొచ్చింది. అయినా ఆపలేదు. ఆమె ఏ రాయి దగ్గర ఆగేదో, ఆకు పెట్టి ఏమనేదో, తను మరిచిపోతే వీపు మీద ఎలా ఒకటి వేసేదో, అన్నీ ఏడుస్తూనే చెప్పాడు. టీ పెడుతున్న అక్క పొయ్యి ఆపేసి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. నాకూ కళ్లనీళ్లు ఆగలేదు.

ఇన్ని నెలలూ మేమంతా ఆయన్ని ఓదారుస్తూనే ఉన్నాం. ధైర్యంగా ఉండమన్నాం, మరిచిపొమ్మన్నాం. వాళ్లమ్మ గురించి ఆయనకు తెలిసిన సంగతి ఒక్కటైనా మేము అడగలేదని తిరుగు బస్సులో అర్థమైంది.

ఈ ఆట కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. నియమాలన్నీ బట్టీ పట్టకండి, ఒక పాచిక, ముగ్గురు మనుషులు ఉంటే చాలు. కథ ఎటు పోతే అటు పోనివ్వండి. ఆ పూట మేము అడవిలోకి పోనేలేదు, చీకటి పడేదాకా బావ వాళ్లమ్మ గురించే మాట్లాడుకున్నాం.