అడుగున పోసిన సీసం

ఎనిమిదేళ్లుగా దీన్ని నాలుక కింద పెట్టుకుని తిరుగుతున్నా తల్లీ. మింగలేను, ఉమ్మలేను. పేపర్లో ఉత్తరాలకి జవాబులు రాసే నువ్వెవరో నాకు తెలవదు. అందుకే నీకు చెప్పగలుగుతున్నా. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే ఎదురింటి పిల్ల రాస్తంది.

కారంపూడిలో మాది సైకిలు షాపు. మా ఆయన పోయాక పంచర్లు నేనే వేసేదాన్ని. ఒకరోజు, కాలవ మీద పిట్టలేటకి వచ్చిన గుంటూరు జీపాయన షాపు ముందు ఆగాడు. తుపాకిలో పోసే సీసం గుళ్లు విషమని, పిట్ట మాంసంతో పాటు లోపలికి పోతే పసిపిల్లలకి, కడుపుతో ఉన్నోళ్లకి చానా చెరుపని, బయటిదేశాల్లో ఉక్కు గుళ్లు వాడతన్నారని చెప్పిపోయాడు. నా దగ్గర అరిగిన సైకిలు బాల్సు డబ్బాడు ఉన్నాయి. అయ్యి ఉక్కే గదా! రేకు మీద రాయించి వేలాడదీశా: 'విషం లేని గుళ్లు. ఈ పిట్ట కూర పసిబిడ్డకైనా పెట్టొచ్చు.'

నమ్మనోళ్లకి పాత రేడియో స్పీకర్లోంచి తీసిన సూదంటురాయిని దారానికి కట్టి డబ్బాలో దించేదాన్ని. ఉక్కు గుళ్లు గుత్తిగా అంటుకుని పైకొచ్చేయి. సీసం అంటుకోదు గదా. సత్తెనపల్లి నించి కూడా నాటు తుపాకులోళ్లు నన్ను వెతుక్కుంటా వచ్చారు. మొగుడు పోయినదాన్ని. నా మాటకి అంత విలవ అంతకు ముందు ఎప్పుడుంది? ఆ రుచి మరిగా.

బాల్సు అయిపోవచ్చినయ్యి. ఇంక లేవని ఒక్క మాట అంటే పోయేది. అనలా. లారీ బ్యాటరీల సీసం కరిగించి, చిల్లుల గరిటెలోంచి బొట్లు బొట్లుగా నీళ్లలోకి జార్చి, కాలిన ఇంజనాయిల్లో నల్లగా దొర్లించా. డబ్బా అడుగున సీసం. పైన నాలుగు గుప్పిళ్లు ఉక్కు. రాయిని పైపైనే దించేదాన్ని. గుళ్లు కొలిచి పోసే గ్లాసుని మాత్రం అడుగుదాకా ముంచేదాన్ని.

వెనకింటి సాంబయ్య నన్ను అక్కా అనేవాడు. ఒకరోజు తుపాకి భుజానేసుకుని వచ్చాడు.

"అక్కోయ్, మా కోటమ్మ నీళ్లోసుకుంది. కౌజుపిట్ట కూర తప్ప ఇంకేం దిగటంలా దానికి. ఇయ్యి మంచియ్యేనా?"

"ఏందిరా నీ అనుమానం? ఇదుగో, రాయి దించి చూసుకో."

ఆడు నవ్వాడు. "చాల్లే అక్కా, నిన్నొదిలేసి రాయినా నేను నమ్మేది? ఎత్తి పొయ్యి."

పోశా.

ఆ ఒక్కసారి పైనుంచి ముంచితే ఏమయ్యేది? అలవాటు కొద్దీ చెయ్యి అడుక్కి పోయిందని ఏళ్ల తరబడి నాకు నేనే చెప్పుకున్నా. అలవాటేనా? పైనున్న ఉక్కు పోతే రేపు వచ్చేవాడికి రాయి దించి చూపించేదానికి ఏముంటదని ఆ క్షణాన అనుకోలా నేను? అనుకున్నా.

నెలలు నిండేదాకా కోటమ్మ ఆ కూరే తిన్నది. గడప మీద కూర్చుని పంటికి తగిలిన గుండుని ఊసి, "నీ ఉక్కు భలే మెత్తగా ఉందే వదినా!" అని నవ్వేది. దాంతో పాటు నేనూ నవ్వా.

ఆడపిల్ల పుట్టింది. ఏడేళ్లొచ్చినయ్యి, మాట రాలా. కారణం చెప్పలేమన్నాడు నర్సరావుపేట డాక్టరు. సీసం వల్లేనని ఎవరూ అనలా. కాదని మాత్రం నాకెవరు చెప్పాలి? కోటమ్మ అత్త మాత్రం ఇప్పటికీ తిడతానే ఉంటది, "గ్రహణం నాడు కత్తిపీట ముందు కూర్చున్నావు గదటే! బిడ్డ నోరు కోసింది నువ్వే" అని. కోటమ్మ కూడా అదే నిజమనుకుంటంది. కత్తిపీట అటకెక్కించి, కూరలు చేత్తోనే తుంచుకుంటది. గోడకి ఇవతల కూర్చుని అన్నీ వింటా నేను.

రాసే పిల్ల చెయ్యి ఆపింది. ఆపమాకే. క్షమించమని రాయించటంలా నేను. పేపరోళ్లకి పంపేముందు ఈ కాయితం వెనకింట్లోనే చదువు. నేనూ వస్తా, ఎదురుగానే కూర్చుంటా.

కోటమ్మా, గ్రహణమూ కాదు, నీ కత్తిపీటా కాదు. నీ కూరలోకి సీసం పోసింది నేను.